చివరి పెట్టె లేని బళ్ళు

రైలు పాసులున్న ఇంట్లో పుట్టి, పాసులున్న ఇంటికే కోడలిగా వచ్చినదానికి ప్రయాణాలకేం కొదవని మా చుట్టాలంటారు. కొదవే. బిలాస్‌పూర్‌లో మా తార్‌బహార్ చుట్టుపక్కల మాలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళ మనవలం. పాసు రాయించేది పార్వతీపురంలో పెళ్ళికో, బొబ్బిలిలో పెద్దకర్మకో, మొక్కుంటే తిరుపతికో. ఊరికే చూసి రావడానికి ఊరెళ్ళడం మా ఇళ్ళలో లేదు. పైగా మా ఆయన గూడ్సు గార్డు. అర్ధరాత్రి కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని తలుపు తట్టడం, ఆయన వెళ్ళిపోవడం, నేను గడియ వేసుకోవడం. సంసారంలో సగం అలాగే గడిచింది.

అందుకని మేమిద్దరం రోజుల తరబడి ఒకే సీటు మీద కూర్చున్నది అమెరికాలోనే. అబ్బాయి కారు నడిపేవాడు, మేం వెనక. ఎక్కడ ఆగాలన్నదొక్కటే తగువు.

షికాగోలో మాట నాదే నెగ్గింది. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడిన భవనమే ఇవాళ్టి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. గోడల మీద గొప్ప గొప్ప బొమ్మలున్నాయి గానీ నాకు మా రాయపూరే గుర్తొస్తూ ఉంది. 1877లో పిల్లాడు నరేంద్రుడు అమ్మతో, తోబుట్టువులతో తండ్రి దగ్గరకి అక్కడికే వచ్చాడు. నాగ్‌పూర్ దాటాక అడవుల్లోంచి ఎడ్లబండి మీద ప్రయాణం. మెట్ల దగ్గర నిలబడి ఇది చెబితే మా ఆయన, "ఇంకో నాలుగైదేళ్ళు ఆగుంటే రాజ్‌నంద్‌గావ్ దాకా మీటర్ గేజి వచ్చేసేదే" అన్నారు. ఆయన పుణ్యం ఆయనది.

అక్కణ్ణుంచి ఎనభయ్యో నంబరు ఇంటర్‌స్టేట్ పట్టుకున్నాం. నెబ్రాస్కాలో ఆ రోడ్డుకి దగ్గర్లోనే యూనియన్ పసిఫిక్ పట్టాలు సాగుతాయి. గూడ్సు కనిపిస్తే చాలు, ఈయన పెట్టెలు లెక్కపెట్టడం. పొడుగు చూసి మాత్రం బెదరలేదు. 2022 ఆగస్టు 15న మా జోనే కోర్బా నుంచి 295 వ్యాగన్లతో మూడున్నర కిలోమీటర్ల 'సూపర్ వాసుకి'ని నడిపింది మరి. ఆయన్ని కలవరపెట్టింది బండి తోక. ఆఖరి వ్యాగన్ తర్వాత బ్రేక్ వ్యాన్ లేదు. కప్లర్‌కి తగిలించిన చిన్న డబ్బా, దాని మీద వెలిగి ఆరే ఎర్ర దీపం, అంతే. బ్రేకు పైపులో గాలి ఎంతుందో ఆ డబ్బానే రేడియోలో ఇంజనుకి చెప్పేస్తుందట. 1980లలో మొదలుపెట్టి అక్కడ గార్డు పెట్టెలు తీసేశారు. మనవాళ్ళు 2022లో గార్డుకి ట్రైన్ మేనేజరని పేరు మార్చినప్పుడే ఈయన జోస్యం చెప్పారు, పేరు పెంచారంటే పని తగ్గించబోతున్నారని.

నార్త్ ప్లాట్ ఊళ్ళో గొడవ ముదిరింది. అక్కడున్న బెయిలీ యార్డు ప్రపంచంలోనే పెద్దది, పొడవు 8 మైళ్ళు. చూడ్డానికి పక్కనే ఎత్తయిన టవరు కట్టారు. మిట్ట మీదకి నెట్టిన వ్యాగన్లు ఒక్కొక్కటే తమ బరువుకి తామే జారి, వెళ్ళాల్సిన లైన్లోకి వెళ్ళి చేరతాయి. ఈయన కదిలితేనా! నాకేమో అదే ఊళ్ళో చిన్న మ్యూజియం చూడాలని ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల బళ్ళు ఆ ఊరి స్టేషన్లో పది, పదిహేను నిమిషాలు ఆగేవి. 1941 క్రిస్మస్ నుంచి 1946 ఏప్రిల్ 1 దాకా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కాఫీ, శాండ్‌విచ్‌లు, పుట్టినరోజు కేకులు సొంత వంటిళ్ళ నుంచి తెచ్చి, దాదాపు 60 లక్షల మందికి ఊరికే పెట్టారు. అసలు మొదలైన తీరే తమాషా. తమ ఊరి కుర్రాళ్ళు వస్తున్నారని జనం స్టేషన్‌కి వెళితే, దిగినవాళ్ళు కాన్సాస్ వాళ్ళు. తెచ్చినవన్నీ వాళ్ళకే ఇచ్చేశారు. ఏళ్ళ తరబడి డ్యూటీకి క్యారేజీ కట్టిన చేతికి అంతకంటే చూడాల్సిందేముంది?

"టైము లేదే, వచ్చేప్పుడు చూద్దాం" అన్నారు. వచ్చేప్పుడు వేరే దారని నాకు తెలుసు. మా బిలాస్‌పూర్ స్టేషన్లో ఠాగూర్ కవిత 'ఫాంకి'ని ఫలకం మీద చెక్కించి పెట్టారు. 1918 నాటి 'పలాతక' సంపుటిలోది. జబ్బు భార్యతో బయల్దేరిన మొగుడు బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆరు గంటలు ఆగుతాడు. అక్కడి కూలీ పెళ్ళాం రుక్మిణికి 25 రూపాయలిమ్మని భార్య అడిగితే, చాటుగా రెండే చేతిలో పెట్టి, ఇచ్చానంటాడు. భార్య పోయాక ఆ బాకీ తీర్చాలని తిరిగొస్తే రుక్మిణి ఉండదు. తార్‌బహార్ ఆడవాళ్ళకి ఇది బాగా పనికొచ్చే కవిత. "ఏమండీ, రుక్మిణి పాతిక రూపాయలు" అన్నాను. మారు మాట్లాడకుండా టవరు దిగారు. మ్యూజియంలో నాకంటే ఎక్కువసేపు ఆయనే నిలబడ్డారనుకోండి, అది వేరే సంగతి.

అక్కణ్ణుంచి ఎల్లోస్టోన్ వెళ్ళాం. దాన్ని 1872లో నేషనల్ పార్కు చేశారు. లోకంలో అదే మొదటిదంటారు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట ఎప్పుడు చిమ్ముతుందో ముందే రాసి పెడతారు, పది నిమిషాలు అటూ ఇటూ. వెనకటిసారి ఎంతసేపు చిమ్మిందో చూసి ఆ లెక్క కడతారు. తక్కువసేపు చిమ్మితే తరవాతిది తొందరగా వస్తుంది. ఈయన వాచీ పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. "రైట్ టైమ్" అన్నారు. లేటే కదా అన్నాడు అబ్బాయి. "బోర్డు మార్జిన్ ఇచ్చింది కదరా!"

ఇంకోసారి చూస్తానన్నారు. అంటే మరో గంటన్నర. సరే, ఆ గంటన్నరా నాదేనని పక్కనున్న హోటల్లోకి లాక్కెళ్ళాను. 1904లో కట్టిన దుంగల కట్టడం, లోపల మేడంత ఎత్తు రాతి పొగగొట్టం. ఆ మంట ముందు కూర్చుని, ఇక్కడైనా రైలు గోల లేదు కదా అన్నాను. ఈయన అక్కడ పెట్టిన కాగితమేదో చదువుతున్నారు. "నార్తర్న్ పసిఫిక్ రైల్వే వాళ్ళ డబ్బుతో కట్టారటే ఇది" అన్నారు, మొహం వెలిగిపోతూ.