స పడింది

యూట్యూబ్‌లో 'బాంజో స్పీడ్ పెంచడం ఎలా' అని కొడితే అమెరికా వాళ్ళ బాంజో వచ్చింది. గుండ్రటి డప్పుకి పొడవాటి మెడ తగిలించినట్టుంటుంది. ఐదు తీగలు, అందులో ఒకటి పొట్టిది. ఎర్ల్ స్క్రగ్స్ అనే ఆయన మూడు వేళ్ళతో వాయిస్తుంటే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నా. గంట పోయింది. మా ఇంట్లో ఉన్నది అది కాదు.

మా ఇంట్లోది బుల్‌బుల్ తరంగ్. మన దగ్గర దాన్నే బాంజో అంటారు. చెక్కపెట్టె మీద తీగలు, వాటి పైన టైప్‌రైటర్ లాంటి మీటలు. ఎడమ చేత్తో మీట నొక్కాలి, కుడి చేత్తో బిళ్ళ పట్టుకుని తీగని మీటాలి. 1912లో జపాన్‌లోని నగోయాలో మొరితా గోరో తయారుచేసిన తైషోగోతో దీనికి మూలం. ఈ సంగతి గొప్పగా చెబితే తాతయ్య "అయితే ఏంట్రా, వాయించు" అన్నాడు.

తాతయ్య ముప్పై ఏళ్ళు మా ఊరి రామాలయం భజనలో దీన్ని వాయించాడు. రెండేళ్ళుగా కుడి చెయ్యి వణుకుతోంది, బిళ్ళ నిలవట్లేదు. పోయినేడాది శ్రీరామనవమికి హార్మోనియం పక్కన కూర్చుని ఊరికే తాళం వేశాడు. ఇంటికొచ్చాక పెట్టెకి గుడ్డ చుట్టించి అటక ఎక్కించేశాడు. నేనే దింపి హాస్టల్‌కి తెచ్చుకున్నా. వచ్చే నవమికి నేను వాయిస్తానని మాటిచ్చేశా.

భజన మెల్లగానే మొదలవుతుంది. చివరికొచ్చేసరికి ఢోలక్ ఆయన ఎవరి మాటా వినడు. అక్కడ అందుకోలేకపోతే అంతవరకు వాయించిందంతా వృథా.

ఫోన్లో మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి రోజుకి నాలుగు చొప్పున పెంచా. 96 వరకు బానే ఉంది. 100 దాటితే గజిబిజి. కష్టపడితే అదే వస్తుందని రెండు వారాలు 100 మీదే కొట్టా. రాలేదు సరికదా, 90 దగ్గర బాగున్నది కూడా పాడైంది. రూమ్మేట్ ఇయర్‌ఫోన్స్ కొనుక్కున్నాడు.

రాత్రిళ్ళు ఫోన్ స్పీకర్లో పెట్టి తాతయ్యకి వినిపించేవాణ్ణి. అంతా విని "మూడుచోట్ల స పడింది" అనేవాడు. ఎక్కడ పడిందో నాకు వినపడేది కాదు. చివరికి వీడియో తీసి సగం వేగంలో చూశా. మీట పూర్తిగా దిగకముందే బిళ్ళ తగులుతోంది, 'టక్'మని చచ్చిన శబ్దం. ఇంకోచోట మీటని ముందే వదిలేస్తున్నా. వదిలితే ఖాళీ తీగ పలుకుతుంది, ఖాళీ తీగ అంటే స. శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి వినేవాళ్ళకి తప్పని తట్టదు. ఓఎస్ క్లాసులో రేస్ కండిషన్ చెప్పినరోజు నిద్రపోయా గానీ, ఇక్కడ బాగా అర్థమైంది. రెండు చేతులు, రెండు థ్రెడ్లు, ఏది ముందొస్తుందో గ్యారంటీ లేదు.

మళ్ళీ 60కి దిగా. పాట మొత్తం కాదు, నాలుగేసి స్వరాలే. వేలు దిగిందని తెలిశాకే మీటడం. వేళ్ళని కీబోర్డ్ మీద కొట్టినట్టు పైకి లేపుతున్నానట, "గోరు మందం లేస్తే చాలు" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. వేగం బాగా పెరిగినప్పుడు మధ్య స్వరాలు వదిలేసి, దెబ్బ పడేచోట స్వరం ఒక్కటే పట్టుకోవాలట. అది మోసం కదా తాతయ్యా అంటే, "ముప్పై ఏళ్ళు ఎవరైనా పట్టుకున్నారా?" అన్నాడు.

నవమి రోజు నేనూ అలాగే చేశా. సగం స్వరాలు వదిలేశా, కానీ ఢోలక్‌ని వదల్లేదు. స ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టే తీరిక లేదు.

రాత్రి అరుగు మీద రికార్డింగ్ పెట్టమన్నాడు. రెండుచోట్ల తలెత్తాడు, ఏమీ అనలేదు. నేను ఆయన మొహమే చూస్తున్నా కాబట్టి చెయ్యి కాస్త ఆలస్యంగా కనపడింది. ఎడమ చెయ్యి. తొడ మీద మీటలు నొక్కుతోంది, పాటతో సమంగా, ఒక్క వేలూ వణక్కుండా.

వెళ్ళి పెట్టె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టా. మీటలు ఆయన వైపు. బిళ్ళ నేను పట్టుకున్నా. కాసేపు నన్నూ దాన్నీ చూసి మీటల మీద వేళ్ళు పెట్టాడు.

మొదటి స్వరమే 'టక్'మంది.

"ఆగరా, నా వేలు ఇంకా దిగలేదు."