పళ్లు చూసి బండ కడతారు

సంక్రాంతి రోజుల్లో గుడివాడ వెళ్లినవాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలు చూడకుండా రాబుద్ధి కాదు. బండ కదలకముందు జరిగే పని చూడాలని ఈసారి నేను పొద్దున్నే వెళ్లాను.

కమిటీ పెద్దాయన ఒక ఒంగోలు గిత్త కింది పెదవి దించి, వేలితో తడిమి, "మూడో జత వచ్చేసింది. ఆరు పళ్లలో రాయండి" అన్నారు. "ఇంకా రాలేదు బాబాయ్ గారూ, నాలుగులోనే ఉంచండి" అని బతిమాలాడు యజమాని. "నువ్వే పెట్టి చూడు వేలు" అన్నారాయన. కుర్రాడు తడిమి చూసి ఇక మాట్లాడలేదు.

ఎద్దుకు పై దవడ ముందు పళ్లుండవు, కింద ఎనిమిది. రెండేళ్ల ప్రాయం దాటాక పాలపళ్లు జతజతగా ఊడి, పెద్ద పళ్లు వస్తాయి. అందుకే పాలపళ్లు, రెండు, నాలుగు, ఆరు పళ్ల విభాగాలు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువెక్కుతుంది. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క.

ఇంగ్లండు గుర్రప్పందేల్లోనూ ఈ వయసు లెక్క ఉంది. ఏ వయసు గుర్రం ఎంత బరువు మొయ్యాలో 19వ శతాబ్దంలో అడ్మిరల్ రౌస్ పట్టిక కట్టాడు. న్యూకాజిల్‌లో 1833 నుంచి జరుగుతున్న నార్తంబర్లాండ్ ప్లేట్ ఇంకో అడుగు ముందుకేసింది. అది హ్యాండిక్యాప్ పందెం. మేలైన గుర్రానికి ఎక్కువ బరువు, జీను కింద సీసం పలకలు పెట్టి మరీ. బొగ్గుగని కార్మికులు పనులాపి తరలివచ్చేవారు గనక దాన్ని 'పిట్‌మెన్స్ డెర్బీ' అన్నారు. మనకు పండగ రోజుల్లో గిత్తలెలాగో వాళ్లకు ఆ పందెం అలాగ.

గెలిచిన జతకు బండ పెంచని మన పద్ధతే నాకు నచ్చింది. ట్రాక్టర్లు వచ్చాక దుక్కిలో ఎద్దు బలం తేలే చోటు లేకుండా పోయింది. ఏ గిత్త సంతతిని నిలుపుకోవాలో రైతుకు ఇప్పుడు ఇక్కడే తెలియాలి. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో 'నెలోర్' పేరుతో లక్షల మందలైంది. మన దగ్గర దాన్ని పట్టుకుని కూర్చున్నది ఈ పందెపు రైతులే. చెర్నాకోల దెబ్బలు మాత్రం ఆగాలి, దెబ్బకు వేసిన అడుగు బలానికి కొలత కాదు.

అండర్‌హ్యాండ్ అనే గుర్రం నార్తంబర్లాండ్ ప్లేట్‌ను 1857 నుంచి వరసగా మూడేళ్లు గెలిచిందని ఈనాటికీ చెప్పగలుగుతున్నాం. పదేళ్ల కిందట ఇక్కడ సీనియర్లలో గెలిచిన జత ఏదని అడిగితే ముగ్గురు మూడు ఊళ్ల పేర్లు చెప్పారు. కమిటీలవారికి నా మనవి ఒక్కటే: జత, ఊరు, బండ బరువు, లాగిన అడుగులు ఏటేటా ఒక రిజిస్టరులో రాసి దాచండి.