దారి మధ్యలో గ్వాలియర్

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి దేశంలోని జాతీయ రహదారులన్నింటిలోకీ పొడవైనది. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, నిర్మల్, ఆదిలాబాద్‌ల మీదుగా తెలుగు నేలను దాటిన ఈ దారి నాగ్‌పూర్, సాగర్, ఝాన్సీలను తాకుతూ గ్వాలియర్ చేరి, అక్కడ నుంచి చంబల్ నది దాటి ఆగ్రాకు, ఢిల్లీకి పోతుంది. సొంత కారులో ఒంటరిగా ఉత్తరాదికి బయలుదేరిన తెలుగు ప్రయాణికుడికి ఆగ్రాలో ఆగాలన్న సంకల్పం ఇల్లు కదలకముందే ఉంటుంది కాబట్టి, దానికి సుమారు 120 కిలోమీటర్ల ఇవతలి గ్వాలియర్ రాత్రి తలదాచుకుని తెల్లవారగానే విడిచిపోయే మజిలీగా మిగిలిపోవడం సులభం. అయితే ఆ ఊరికి ఒక పూట ఇచ్చినవాడికి ఆ తర్వాతి దారి కూడా మరింత బాగా అర్థమవుతుంది.

ఒంటరిగా బండి నడిపేవాడి చూపు రోజంతా ముందున్న లారీకి, పక్క అద్దానికి, సూచిక బోర్డుకు బందీ అయి ఉంటుంది. ఎంత అందమైనదైనా ఒక్క క్షణానికి మించి చూడటం ప్రమాదమే. అటువంటి చూపుకు ఒకచోట నిలిచే హక్కును తిరిగి ఇవ్వడమే మజిలీ చేసే మేలు. తోడెవరూ లేరు కనుక ఒక శిల్పం ముందు ఎంతసేపు నిలబడినా విసుక్కునేవారు ఉండరు; అలాగే అలసట వచ్చినప్పుడు ఇక చాలునని చెప్పేవారూ ఉండరు. అందుచేత ఊరంతా చుట్టిరావాలన్న ఆశను అదుపులో పెట్టుకుని, బండిని కిందనే వదిలి, ఒక్క కోటను నడిచి చూడటం వివేకం.

గ్వాలియర్ కోట గోపాచలమని ప్రసిద్ధికెక్కిన ఇసుకరాతి గుట్ట మీద ఉంది. చుట్టూ ఉన్న మైదానం నుంచి సుమారు 100 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా లేచిన ఈ గుట్టకు రెండు దారులున్నాయి. పడమటి వైపు ఊర్వాహీ ద్వారం గుండా వాహనాలు పైదాకా పోతాయి. తూర్పు వైపు దారి, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ద్వారాలను దాటుతూ హాథీ పోల్ అనే ఏనుగు ద్వారం వరకు కాలినడకన మాత్రమే ఎక్కవలసినది. చక్రాల మీద కూర్చుని బిగుసుకుపోయిన కాళ్లకు ఈ ఎక్కుడు మంచిదన్నది ఒక కారణమైతే, కోటలోని అతి విలువైన చిన్న వస్తువు ఈ దారి పక్కనే ఉండటం అంతకంటే బలమైన కారణం.

ఆ వస్తువు చతుర్భుజ ఆలయంలోని శాసనం. ఒకే రాతిని తొలిచి మలచిన ఈ చిన్న విష్ణ్వాలయం 9వ శతాబ్దిది. 876 నాటి ఇక్కడి శాసనంలో స్వామి పూలతోటకు ఇచ్చిన నేల 270 హస్తాల పొడవు, 187 హస్తాల వెడల్పు అనీ, నిత్యం 50 పూలదండలు సమర్పించాలనీ ఉంది. హస్తమంటే మోచేతి నుంచి వేలి కొన వరకు ఉండే కొలత, మన మూర. ఆ 270లోనూ, 50లోనూ చివర పక్క అంకెల కంటే చిన్నదిగా చెక్కిన గుండ్రని గీత కనిపిస్తుంది, అది సున్న. కంబోడియాలోని 683 నాటి శాసనంలో సున్న చుక్క రూపంలో అంతకుముందే ఉన్నా, గుండ్రని సున్నను అంకెల స్థానవిలువలో భాగంగా వాడిన తేదీ గల భారతీయ శాసనాల్లో ఇది ఎంతో ముఖ్యమైనది. ఏ గణిత గ్రంథంలోనో కాక దండల లెక్కలో ఇంత మామూలుగా అది కనిపించడాన్ని బట్టి, అప్పటికే ఆ పద్ధతి ఊరి వ్యవహారంలో కలిసిపోయిందని తెలుస్తుంది. రహదారి పొడవునా ప్రతి కిలోమీటరు రాయి మీదా చూస్తూ వచ్చిన అంకెల విధానానికి వయసెంతో ఇక్కడ కళ్లారా చూడవచ్చు.

హాథీ పోల్ దాటగానే మాన్ మందిర్ ఎదురవుతుంది. తోమర రాజు మాన్‌సింగ్ (1486–1516) కట్టించిన ఈ రాజభవనం గోడల మీద నీలం, పసుపు, ఆకుపచ్చ రంగులు పూసి కాల్చిన పలకలతో బాతుల బారులు, ఏనుగులు, అరటిచెట్లు తీర్చారు. కొంత రాలిపోయినా, మిగిలిన నీలం ఎండలో ఇప్పటికీ నిగనిగలాడుతుంది. 1528లో ఇక్కడికి వచ్చిన బాబరు తన ఆత్మకథలో ఈ భవనాలను వర్ణించాడు. మొగలుల కాలంలో ఈ కోట రాజకీయ ఖైదీల చెరసాల అయింది. సిక్కుల ఆరవ గురువు హరగోవింద్‌ను జహంగీరు బంధించింది ఇక్కడే.

మరికొంత దూరం నడిస్తే సుమారు 30 మీటర్ల ఎత్తయిన తేలీ కా మందిర్ వస్తుంది. 8, 9 శతాబ్దుల నాటి ఈ గుడి అంగాలన్నీ ఉత్తరాది నాగర శైలిలో ఉండగా, పైకప్పు మాత్రం గూడు బండి కప్పులా పొడవుగా వంపు తిరిగి ఉంటుంది. తమ ఊరి గోపురాల కొసన అటువంటి ఆకారాన్ని చిన్ననాటి నుంచీ చూసిన తెలుగువాడికి ఇది పరిచయమైన రూపమే. దక్షిణాది ఆకారం ఇంత దూరం ఎలా వచ్చిందని అతడు ఆశ్చర్యపోవచ్చు. కానీ ఇటువంటి కప్పు గల గుడులను శిల్పశాస్త్రాలు వలభి అని ప్రత్యేకంగా పేర్కొన్నాయి కనుక, దానిని ఒక ప్రాంతానికే సొంతమనుకోవలసిన పని లేదు.

హజీరా పేటలోని తాన్‌సేన్ సమాధి, ఫూల్‌బాగ్‌లోని రాణీ లక్ష్మీబాయి సమాధి వంటి దర్శనీయ స్థలాలు ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఓపిక ఉంటే వాటిలో ఒకటి చాలు. మర్నాడు స్టీరింగు పట్టవలసినది ఆ రెండు చేతులే కాబట్టి, మిగిలిన పొద్దు నిద్రకు ఇవ్వడం కూడా యాత్రలో భాగమే. ఆ మర్నాడు ఆగ్రా కోటలోని జహంగీరీ మహల్ ముందు నిలిచినప్పుడు, చూరును మోస్తున్న చెక్కడపు రాళ్లలో, నడిమి ముంగిళ్లలో మాన్‌సింగ్ పనివాళ్ల సంప్రదాయపు ఆనవాలు అతడికి దొరుకుతుంది. ఆగ్రా వైభవం ఒక్క మొగలుల ఊహ నుంచే పుట్టలేదనీ, దానికి కొంత పునాది గ్వాలియర్ గుట్ట మీద పడిందనీ, పుస్తకం తెరవకుండానే దారి క్రమం అతడికి నేర్పుతుంది.