బ్యాంకాక్‌లో నర్సీపట్నం రోడ్డు

మా ఊరికి రైల్లో వస్తానన్న స్నేహితులకి నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. "నర్సీపట్నం రోడ్ అని ఒక స్టేషనొస్తుంది. దిగగానే ఊరొచ్చేసిందని సంబరపడిపోకు. ఇంకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు రోడ్డుంది!" ఆ పేరు చివరనున్న 'రోడ్' అనే ముక్కలోనే ఉంది కిటుకంతా. పేరు మాది, స్టేషను ఇంకెక్కడో. తెలియక అర్ధరాత్రి అక్కడ దిగి, బస్సు లేక, తెల్లారేదాకా బెంచీ మీద కూర్చున్న కొత్తవాళ్ళు ఎంతమందో!

ఇంత తెలిసినవాణ్ణి, 2024 చలికాలంలో సాక్షాత్తూ నేనే పరాయి దేశంలో 'నర్సీపట్నం రోడ్డు'లో దిగాను. వెంట అమ్మ కూడా ఉంది. ఆ కథే ఇది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలైంది. మా పిన్ని కొడుకు ఆ వార్త మోసుకొచ్చి మా ఇంట్లో అగ్గి రాజేశాడు. వాడికి ఇరవై రెండేళ్ళు. సినిమా పిచ్చి. మా నర్సీపట్నం పక్కనున్న బాపిరాజు కొత్తపల్లిలో పెరిగిన పూరి జగన్నాథ్ కథలు రాసుకోవడానికి బ్యాంకాక్ వెళతాడన్న సంగతి మీకూ తెలిసిందే. రామ్‌చరణ్ మొదటి సినిమా 'చిరుత' (2007) కథ సగం అక్కడే నడుస్తుంది. "మనూరాయన అన్నిసార్లు వెళ్ళాడు, మనం ఒక్కసారి వెళ్ళకూడదా?" అన్నది మావాడి వాదన. బ్యాంకాక్ దాకా వెళితే మలేసియా పక్కనే కదా, ప్రభాస్ 'బిల్లా' (2009) చాలావరకు తీసింది అక్కడే కదా అన్నది రెండో వాదన.

మూడో ఊరు మాత్రం అమ్మ కలిపింది. ఏనాడూ ఫలానాది కావాలని అడిగి ఎరగని మనిషి. కూర తరుగుతూ, తల ఎత్తకుండా, "అంత దూరం ఎల్తన్నారు కదా, సింగపూరు చూపిస్తారేటి?" అంది. 1979లో బాలచందర్ 'అందమైన అనుభవం' వచ్చింది. కమల్‌హాసన్, రజనీకాంత్, జయప్రద. సింగపూర్లో తీసిన సినిమా. పదిహేనేళ్ళ వయసులో ఊళ్ళో ఆ సినిమా చూసిందట. అప్పుడు పుట్టిన కోరిక నలభై అయిదేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉండిపోయింది. నాకెన్నడూ చెప్పలేదు. ఇంక వెళ్ళకుండా ఎలా ఉంటాను?

లెక్క తేలింది. బ్యాంకాక్ నాలుగు రాత్రులు, కౌలాలంపూర్ మూడు, సింగపూర్ రెండు. ముగ్గురు మనుషులు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాకు నెల జీతమంటూ లేదు, రాసిన దానికి డబ్బులొస్తే వచ్చినట్టు. అంచేత టిక్కెట్ల కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది బస. ఎక్కడ దిగాలి?

దీనికో గురువుగారు దొరికారు. సినిమా యూనిట్లకి బస ఏర్పాట్లు చూసే ప్రొడక్షన్ మేనేజరొకాయన నాకు పరిచయం. ఫోన్ చేస్తే నవ్వి, ముక్కుసూటిగా చెప్పాడు. "గది బాగుందా అని చూడకు బాబూ. పొద్దున్నే కారెక్కితే లొకేషన్‌కి ఎంతసేపు? టిఫిను ఎక్కడ? ప్యాకప్ అయ్యాక పై ఊరికి ఎటునుంచి పోవాలి? ఈ మూడూ చూసుకో. గదిదేముంది, నిద్దరోతే అన్ని గదులూ ఒకటే!" ఆ మాట మాకు కొత్తేమీ కాదు. 1974లో వచ్చిన కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' తీసిన చింతపల్లి అడవులకి వెళ్ళే దారి మా ఊరి మీదుగానే. ఆ దారిలోనే లంబసింగి. చలికాలం మంచు చూడ్డానికి జనం విరగబడి వస్తారు. వైజాగ్‌లో సముద్రం కనిపించే హోటల్లో దిగినవాళ్ళు అర్ధరాత్రి లేచి బయల్దేరి, దారి పొడుగునా కారులో కునుకుతూ వస్తారు. తెలిసినవాళ్ళు నర్సీపట్నంలో మామూలు లాడ్జీలో పడుకుని నాలుగింటికి లేస్తారు. మంచు ఇద్దరికీ ఒకటే. ఓపికే తేడా.

ఇంత జ్ఞానం ఉన్నా, ఫోన్లో హోటళ్ళ ఫోటోలు చూసేసరికి మతి పోయింది. ఒక ముక్క చెప్పనా? ఆ ఫోటోలు వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీస్తారు. అగ్గిపెట్టెంత గది కూడా జమీందారు గారి హాల్లా కనిపిస్తుంది! సెట్టు చూసి కోట అనుకున్నట్టే. అందుకని నేను ఫోటోలు వదిలేసి మ్యాపు పట్టుకున్నాను. హోటల్ నుంచి రైలు స్టేషనుకి అమ్మ ఎన్ని నిమిషాల్లో నడవగలదన్నదే కొలత.

బ్యాంకాక్‌లో ఖావో సాన్ అని కుర్రకారు దిగే వీధి ఉంది. చవక. మావాడు అక్కడే అని పట్టుపట్టాడు. కాని రాత్రి తెల్లవార్లూ పాటలు, పక్కన రైలు స్టేషను లేదు. కొట్టేశాను. సుఖుంవిట్ రోడ్డు వెంట 1999 నుంచి ఆకాశ రైలు నడుస్తోంది. మంచి చోటే. కాని ఇక్కడా పేరుతో పేచీ! ఆ రోడ్డు బ్యాంకాక్‌లో మొదలై కంబోడియా సరిహద్దు దాకా పోతుంది. హోటల్ పేరులో 'సుఖుంవిట్' ఉన్నంత మాత్రాన ఊరి నడిబొడ్డున ఉన్నట్టు కాదు. చివరికి ప్రతునాం అనే బజారు పేట ఖాయం చేశాం. బట్టల దుకాణాలు, మన తిండి దొరికే హోటళ్ళు, కాలువ మీద పడవ సర్వీసు, నడిచిపోయే దూరంలో రైలు. పడవెక్కితే పాత బస్తీ అంచు దాకా తీసుకుపోతుంది. ట్రాఫిక్ బాధ లేదు. కాలువ నీళ్ళు చిందితే అమ్మ చీర కొంగు అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. మూడు రోజులు మహారాజుల్లా గడిచాయి.

నాలుగో రాత్రే వచ్చింది తంటా. మర్నాడు పొద్దున్న ఏడింటికి కౌలాలంపూర్ విమానం. గురువుగారి మాట ప్రకారం 'పై ఊరికి ఎటునుంచి పోవాలి' అని ఆలోచించి, ఇంటి దగ్గరే ఎయిర్‌పోర్ట్ పక్కన హోటల్ బుక్ చేశాను. రద్దు చేస్తే పైసా తిరిగిరాని చవక రేటు. సాయంత్రం దర్జాగా రైలెక్కి దిగాం. స్టేషను పేరు సువర్ణభూమి. "మన పేరేరా!" అని అమ్మ మురిసిపోయింది.

రాత్రి తొమ్మిదింటికి, పొద్దున్నే టాక్సీ చెప్పమని హోటల్ కుర్రాడికి టిక్కెట్టు చూపించాను. అతను టిక్కెట్టు చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ టిక్కెట్టు చూశాడు. "డాన్ ముయాంగ్!" అన్నాడు.

బ్యాంకాక్‌కి విమానాశ్రయాలు రెండు! పాతది డాన్ ముయాంగ్. 2006లో తెరిచిన కొత్తది సువర్ణభూమి. చవక విమానాలు ఎక్కువగా పాతదాన్నుంచే ఎగురుతాయి. రెండింటి మధ్య దూరం నలభై కిలోమీటర్ల పైనే. వచ్చినప్పుడు దిగింది డాన్ ముయాంగ్‌లోనే కదా, ఆమాత్రం తెలియలేదా అంటారేమో. రాత్రి పూట నిద్దర కళ్ళతో దిగి టాక్సీ ఎక్కినవాడికి ఒక ఊరికి రెండుంటాయన్న ధ్యాస ఎక్కడుంటుంది? బుక్ చేసేటప్పుడు 'బ్యాంకాక్ ఎయిర్‌పోర్ట్' అని కొట్టాను, వచ్చినదాన్ని నొక్కాను. అంతే.

గది డబ్బులు పోయినట్టే. రెండున్నరకి లేచి, టాక్సీకి నాలుగొందల పైచిలుకు బాత్‌లు సమర్పించుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చాం. మావాడు ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. నేను సిగ్గుతో మాట్లాడలేదు. సగం దూరం వచ్చాక వెనక నుంచి అమ్మ, "ఏటిరా, నర్సీపట్నం రోడ్డులో దిగిపోయావేటి?" అంది. డ్రైవరు కూడా ఉలిక్కిపడేలా నవ్వాం ముగ్గురం.

కౌలాలంపూర్‌లో ఆ పొరపాటు జరగనివ్వలేదు. మావాడికి పెట్రోనాస్ జంట శిఖరాలు కిటికీలోంచి కనిపించే గది కావాలట. ఎత్తు 452 మీటర్లు, ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా కనిపిస్తాయి, కిటికీ కోసం డబ్బెందుకు? కేఎల్ సెంట్రల్ అని అక్కడ పెద్ద స్టేషనుంది. విమానాశ్రయం రైలు తిన్నగా అక్కడికే వస్తుంది, ఊళ్ళో రైళ్ళు చాలావరకు అక్కడ కలుస్తాయి. దాని పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్ పేట. భారతీయుల బజారు. అరిటాకు భోజనం, పూలకొట్లు, గుడి. బత్తు గుహలకి కూడా రైలు అక్కణ్ణుంచే. అమ్మ 272 మెట్లూ చూసి దణ్ణం పెట్టి, కిందే 140 అడుగుల మురుగన్ విగ్రహం దగ్గర కూర్చుంది. మావాడు పైకెళ్ళి కోతులకి కొబ్బరిముక్క సమర్పించుకుని వచ్చాడు.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగడం వల్ల మేం అనుకోనిది ఒకటి జరిగింది. మొదటి రోజు సాయంత్రం అమ్మ పూలకొట్లో బేరమాడుతూ అలవాటున "అమ్మో, అంతా!" అంది. కొట్లో ఉన్న పెద్దావిడ చటుక్కున, "మీరు తెలుగోళ్ళా?" అంది. వాళ్ళ పెద్దలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి, పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పనిచేశారట. మన ఉత్తరాంధ్ర నుంచి అలా మలయా తోటలకి వెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటి సంతతి అక్కడే స్థిరపడి ఇప్పటికీ తెలుగు మాట్లాడుతోంది. "మీదే ఊరు?" అని అమ్మ అడిగింది. ఆవిడకి తెలియదు. విశాఖపట్నం అన్న మాట తప్ప ఊరి పేరు వాళ్ళ నాన్న చెప్పకుండానే పోయాడట. అమ్మ తనకి తెలిసిన ఊళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పింది. మాకవరపాలెం, కోటవురట్ల, గొలుగొండ, రోలుగుంట... ప్రతి పేరుకీ ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. మిగిలిన రెండు రోజులూ అమ్మ ఆ కొట్టు దగ్గరే. జంట శిఖరాల్ని కూడా మొహమాటానికి చూసి వచ్చింది. శిఖరాలు కనిపించే గది తీసుకుని ఉంటే ఈ పూలకొట్టు కనిపించేది కాదు కదా అని నేను ఇప్పటికీ అనుకుంటూంటాను.

సింగపూర్‌కి బస్సులో వెళ్ళాం. సుమారు 350 కిలోమీటర్లు. సరిహద్దులో రెండుచోట్ల దిగాలి, సింగపూర్ వైపు సామానంతా మనమే మోసుకుపోవాలి. పెద్దవాళ్ళుంటే బరువు తగ్గించుకోండి, మేం తగ్గించుకోలేదు. బస్సు బీచ్ రోడ్ వైపు దింపింది. అక్కణ్ణుంచి మా బస ఉన్న లిటిల్ ఇండియా టాక్సీలో కొద్ది నిమిషాలే.

మూడు ఊళ్ళలోకీ గది అద్దె మండిపోయేది ఇక్కడే. అందుకే రెండు రాత్రులతో సరిపెట్టాం. అయినా చవక చూసి మావాడు బుక్ చేసిన గదికి కిటికీ లేదు! అలాంటి గదులు అక్కడ మామూలేనట, బుక్ చేసేటప్పుడు చిన్న అక్షరాల్లో రాసే ఉంది, మేమే చదవలేదు. అమ్మ గడపలో నిలబడిపోయి, "గదేటిరా ఇది, గాదె!" అంది. పైన డబ్బులు కట్టి కిటికీ కొనుక్కున్నాం. ఆ కిటికీలోంచి కనిపించింది పక్క మేడ గోడ. అయినా వెలుతురొచ్చింది, అమ్మకి అది చాలు.

మొదటి రోజు 'అందమైన అనుభవం' నాటి సింగపూర్ కోసం అమ్మ వెతికింది. నలభై అయిదేళ్ళలో ఆ ఊరు ఎన్నిసార్లు కొత్త చొక్కా వేసుకుందో! నది ఒడ్డున నిలబడి, "రంగులు ఇంత లేవురా అప్పుడు" అంది. నిరాశపడిందేమో అని నాకు గుబులు. ఆ రాత్రి సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో దోసె తింటూ, మర్నాడు ఏం చూపిద్దామా అని నేనూ మావాడూ తెగ చర్చించుకున్నాం. అమ్మ ఏమీ అనలేదు. రోడ్డు మీద బోర్డుల వంకే చూస్తూ కూర్చుంది.

పొద్దున్న లేచేసరికి అమ్మ మంచం ఖాళీ. గుండె జారిపోయింది. ఆవిడ దగ్గర ఫోన్ లేదు, ఇంగ్లీషు రాదు. నర్సీపట్నంలో కూడా ఒంటరిగా బస్టాండు దాటని మనిషి! చెప్పులు వేసుకుని మెట్ల మీద ఉన్నాను, కింద తలుపు తోసుకుని అమ్మ వస్తోంది. నుదుట కుంకుమ, చేతిలో పూలు. అదే రోడ్డులో ఉన్న శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళొచ్చిందట.

"ఒక్కదానివే ఎలా వెళ్ళావే?"

"తిన్నగా రోడ్డేకదరా. రాత్రి చూసుకున్నాను. రెండు సిగ్నళ్ళు, తరవాత గోపురం. పచ్చ బొమ్మ పడ్డాకే దాటేను."

మావాడు ఇంకా దుప్పటి కప్పుకునే ఉన్నాడు. అమ్మ వాడి దుప్పటి లాగి, "లెగండ్రా, ఆ సినిమాలో నది ఇంకోసారి చూసొద్దాం. ఈసారి దారి నేను చూపిస్తాను" అంది.