పండ్రెండు బొమ్మల కెమెరా

సెల్‌ఫోనుతో దినమునకు నూరు బొమ్మలు తీయు ఈ కాలమున, చుట్టకు పండ్రెండు మాత్రమే పట్టు పాత కెమెరా ఏల యని మిత్రులు మమ్ము అడుగుచుందురు.

ఉద్యోగవిరమణానంతరము మేము కొన్నది యాషికా-మాట్ 124 జి. 1970లో వెలువడి 1986 వరకు తయారైన జపాను కెమెరా ఇది. పై కటకము మనము చూచుటకు, క్రింది కటకము బొమ్మ పడుటకు. 120 ఫిల్ముపై వచ్చు చదరపు నెగెటివు, 35 మిల్లీమీటర్ల నెగెటివుకంటె వైశాల్యమున మూడున్నర రెట్లకు పైగా నుండును. ముసలివారి మొగముపై ముడుతలు, పట్టుచీర నేత స్పష్టముగా పడును.

కొనదలచినవారు మూడు సంగతులు చూడవలెను. వెనుక మూత తీసి, షట్టరు తెరచి ఉంచి, కటకమున సాలెగూటి వంటి బూజు కలదేమో దీపమున కెదురుగా పరీక్షింపవలెను. సముద్రతీరపు చెమ్మకు అది సహజము. ఒక సెకను షట్టరు నడుమ ఆగక ముగియవలెను. మూత అంచుల నల్లని స్పాంజి పొడియైనచో మార్పింపవలెను; లేకున్న వెలుతురు చొరబడి ఫిల్ము చెడును. వెలుగును కొలుచు ముల్లునకు ఉద్దేశింపబడిన పాదరసపు బ్యాటరీ నేడు అంగళ్ళలో లేదు. 400 వేగపు ఫిల్మునకు మండుటెండలో ఎపర్చరు 16, షట్టరు సెకనులో 500వ వంతు. అరుగు నీడలో ఎపర్చరు 4. ఈ లెక్క మాకు చాలును.

మా బరంపురము 1936లో మద్రాసు రాజధానినుండి ఒడిశాలో చేరినది. తెలుగు కుటుంబములు అచ్చటనే నిలిచినవి. పెట్టెలలోని పాత బొమ్మలలో నున్న దెవరో చెప్పగలవారు ఒక్కొక్కరుగా వెళ్ళిపోవుచున్నారు. మనుమలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు.

కావున మేము కెమెరా తీయుటకు ముందు పెద్దలతో కూర్చుందుము. ఇంటిపేరు, పుట్టిల్లు, కాపురమునకు వచ్చిన యేడు అడిగి వ్రాసికొందుము. ఈ కెమెరాలో తలవంచి చూడవలెను. మా మొగమునకు వారి మొగమునకు నడుమ అడ్డముండదు. మాటలు సాగుచునే యుండును. "ఉండు నాయనా, పట్టుచీర కట్టుకొస్తాను" అని తొంబదియేండ్ల మామ్మగారు లోపలికేగినచో అరగంట వేచియుందుము. ఆ రోజునకు ఆ బొమ్మ యొక్కటే చాలును. నెగెటివు సంచిపై వారి వివరములు తెలుగునను, మనుమల కొరకు ఒడియాలోను వ్రాసి ఉంచుదుము.

సోదర సోదరీమణులారా, మీ కెమెరా ఏదైనను సరే. ఇంటి పెద్దలు ఉండగనే పాత బొమ్మలు వారి ముందుంచి, వెనుక పెన్సిలుతో పేర్లు వ్రాయుడు. వచ్చు పండుగవరకు ఆగవలదు.