సైకిల్ కొనే ముందు తొక్కేవాళ్లని అడగండి



మా తమ్ముడు ఆరో తరగతిలో ఉండగా, "ఎదిగే పిల్లాడే కదా" అని 26 అంగుళాల మౌంటెన్ బైక్ కొన్నాం. కాళ్లు నేలకందక మలుపులో పడ్డాడు. చెయ్యి విరిగింది. వాడు మళ్లీ సైకిల్ ఎక్కలేదు.

మొన్న అక్క కొడుక్కి కొనేముందు, మట్టిదారుల్లో రోజూ తొక్కేవాళ్లని అడిగాను. "గేర్లు లెక్కపెట్టకండి. చౌక సస్పెన్షన్ బరువే పెంచుతుంది. బ్రేక్ పిల్లాడి వేళ్లకు అందాలి. ఫ్రేమ్‌కి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే పాదాలు రెండూ నేలకు ఆనాలి" అన్నారు. షాపులో వాణ్ణి ఎక్కించి చూశాం. 24 అంగుళాలదే కుదిరింది.

సెలవుల్లో కొంటున్నారా? పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. వచ్చే ఏడాదికి కాదు, ఈ రోజుకి సరిపోయేది కొనండి. హెల్మెట్‌తో సహా.