తాతయ్య ‘స్టీలు’ రివాల్వరు

మా తాతయ్య రివాల్వరు స్టీలుదని ఇంట్లో అందరం నమ్మేవాళ్ళం. తెల్లగా, కొత్త గ్లాసులా మెరిసేది. రాజోలు దగ్గర మా ఊళ్ళో అదో ముచ్చట. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు అప్పగించాలి కదా. తాతయ్య దాన్ని తువ్వాల్లో చుట్టుకుని స్టేషనుకి వెళ్ళి, రసీదు తెచ్చుకునేవారు. పేల్చగా మాత్రం ఎవరూ చూడలేదు.

తాతయ్య పోయాక, లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచకూడదని ఓ డీలరు దగ్గర డిపాజిట్ చేశాం. వారసుడిగా నాన్న లైసెన్సు అడగొచ్చు. “అడుగుతా. కుదిరితే ఇది అమ్మేసి కొత్తది కొంటా” అన్నారు నాన్న. అమ్మ మాట్లాడలేదు.

డీలరు దగ్గరికి నేనూ వెళ్ళాను. రీల్స్ చూసిన తెలివితో, “స్టీలే కదండీ, పాలిష్ పెడితే కొత్తదైపోద్ది” అన్నాను.

ఆయన నవ్వారు. “ఆయ్, ఇది స్టీలు కాదండి బాబూ. నికెలు పూతండి.”

గొట్టం అంచు చూపించారు. పూత పెచ్చులూడి, కింద తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. గీత పడినా పైపొర దానంతటదే మళ్ళీ ఏర్పడుతుంది. పూత అలా కాదు, ఊడితే ఊడినట్టే. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ స్టెయిన్‌లెస్ రివాల్వరు తెచ్చిందే 1965లో. తాతయ్యది అంతకంటే పాతది. పైగా మా ఉప్పుగాలికి తుడవకపోతే స్టెయిన్‌లెస్‌కైనా మచ్చలొస్తాయట. తాతయ్య తుడిచింది కొబ్బరినూనెతో! అది లోపల జిగురులా పట్టేసింది. కోనసీమలో పుట్టినవాళ్ళం, ఇంకేం రాస్తాం?

“మెరుపు చూసి కొనకూడదండి. స్క్రూల గాళ్ళు అరిగాయా, గుళ్ళ చక్రం ఊగుతోందా, గొట్టం లోపల గుంటలున్నాయా, అవి చూడాలండి” అన్నారాయన.

మరి పాతవాటికి అంత ధరెందుకు? 1980ల మధ్య నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. కొత్తది కావాలంటే ప్రభుత్వ ఫ్యాక్టరీ కాన్పూరులో చేసే .32 లాంటివే. 2014లో వచ్చిన టైటానియం ‘నిర్భీక్’ కూడా అక్కడిదే. అందుకే బాగున్న పాత విదేశీది కొత్తదానికంటే ఎక్కువే పలుకుతుంది. ఆ ధర లోహానికి కాదు, దొరకకపోవడానికి. పూత ఊడిన మాదానికి అంత రాదన్నారు.

ఇంటికొచ్చి లెక్కలన్నీ చెప్పాను. అప్పుడు నోరు విప్పింది అమ్మ.

“కొత్తదొద్దు, పాతదొద్దు. రొయ్యల చెరువు రెండు పంటలు పోయాక మీరు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదండీ. ఈ ఇంట్లోకి అది మళ్ళీ రాకూడదు.”

నాన్న చాలాసేపు అరుగు మీదే కూర్చున్నారు. దొంగల భయం అనలేదు, పరువు అనలేదు. పొద్దున్నే డీలరుకి ఫోన్ చేసి, లైసెన్సున్న వాళ్ళెవరికైనా అమ్మిపెట్టమన్నారు.

వచ్చిన డబ్బుతో మేత బాకీ కొంత తీరింది. స్టేషను రసీదుల కట్ట మాత్రం బీరువాలోనే ఉంది. దాన్ని పారేయమని అమ్మ కూడా అనలేదు.